ఫ్రిజ్ మీద అంటించిన చిట్టా

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. మాది గుంటూరు జిల్లా, ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్లయింది. అబ్బాయికి పదహారు నిండాయి. రెండేళ్లుగా వాడికి కంట్రీ మ్యూజిక్, అదే ఇక్కడి పల్లె పాటల పిచ్చి పట్టింది. గిటారు, టోపీ, బూట్లు అన్నీ కొనిపించుకున్నాడు. మొన్న వేసవిలో ఒక సంతలో పాటల పోటీకి వెళ్తే, వాడు స్టేజీ ఎక్కగానే మా వెనక వరసలో నవ్వులు. ‘వీళ్లకి ఇది కూడా కావాలా’ అన్నారెవరో. సరే, మనవాళ్ల పండగ కార్యక్రమంలో పాడిద్దామనుకుంటే, నిర్వాహకులొకాయన ‘ఆ గొడ్లు కాసేవాళ్ల పాటలెందుకమ్మా, మంచి సినిమా పాటొకటి నేర్పించండి’ అన్నారు. మా ఆయనేమో అది తెల్లవాళ్ల సొత్తు, మనల్ని రానివ్వరు, చదువు పాడవుతుంది అంటారు. వాడు చార్లీ ప్రైడ్ అనే నల్లజాతి గాయకుడి పేరు చెప్పి, ఆయన అవార్డుల చిట్టా ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాడు. పైగా మన పేరు వాళ్లకి నోరు తిరగదు కాబట్టి రెండక్షరాల ఇంగ్లిష్ పేరు పెట్టుకుంటాడట. ఎవరీయన? ఆ అవార్డులు నిజమేనా? వాణ్ణి ఆపమంటారా, వదిలెయ్యమంటారా? - ఒక తల్లి, టెక్సస్

జవాబు:

అమ్మా,

చిట్టా సంగతి ముందు తేల్చేద్దాం. మీవాడు అబద్ధమేమీ అంటించలేదు. కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్, అంటే అందరూ సీఎంఏ అనేది, ఏటా ఇచ్చే వాటిలో అన్నిటికంటే పెద్దది ‘ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్’. 1971లో అది చార్లీ ప్రైడ్‌కే వచ్చింది. ఉత్తమ గాయకుడి అవార్డు అదే ఏడు ఒకసారి, 1972లో మళ్లీ ఒకసారి. పోటీలో గెలిచిన గ్రామీలు మూడు, 2017లో జీవన సాఫల్య గ్రామీ వేరు. 2000లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు. బిల్‌బోర్డ్ పత్రిక వేసే కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానం చేరిన పాటలు 29. ఎల్విస్ ప్రెస్లీ తర్వాత ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీకి అన్ని రికార్డులు అమ్మిపెట్టినవాడు ఈయనే అంటారు.

ఆ గొంతు నాకు పరిచయమైంది మీ ఊళ్లోనే. తొంభైల్లో డాలస్‌లో ఒక కార్ల రిపేరు షాపులో లెక్కలు రాసేవాణ్ణి. ఓనరు ముసలాయన. ఒకటే క్యాసెట్టు అరిగిపోయేదాకా వేసేవాడు. బరువైన గొంతు, తొందర లేని గొంతు. నాలాంటి అరకొర ఇంగ్లిష్ వాడిక్కూడా మాట మాట విడిగా వినిపించేది. నాలుగైదు నెలలు విని, పాడేది టోపీ పెట్టుకున్న తెల్లాయన అని మనసులో బొమ్మ గీసేసుకున్నాను. ఒకరోజు ఆయన చేతికి గ్రీజు ఉందని టేపు నన్ను తిప్పమన్నాడు. పెట్టె మీద అట్ట చూస్తే నల్లాయన నవ్వుతున్నాడు. వేరే టేపు పెట్టెలో ఇది పెట్టారేమోనని తిరగేసి చూశాను. ముసలాయన నా మొహం చూసి పడీ పడీ నవ్వాడు. కుర్రతనంలో తనూ అలాగే బోల్తా పడ్డాట్ట.

ఆ బోల్తా కొట్టించింది రికార్డు కంపెనీయే. 1965లో కంట్రీ పాటలకి రాజధాని లాంటి నాష్‌విల్‌లో ఆర్‌సీఏ పెద్ద చెట్ ఆట్కిన్స్, స్వయంగా గొప్ప గిటారిస్టు, ప్రైడ్ టేపు పట్టుకుని కాలిఫోర్నియాలో కంపెనీ సమావేశానికి వెళ్లాడు. ముందు పాట వినిపించాడు. బాగుందన్నారు. అప్పుడు ఫొటో చూపించాడు. గది కాసేపు నిశ్శబ్దమైపోయింది. చివరికి సరే, తీసుకుందామన్నారు. 1966 జనవరిలో మొదటి సింగిల్ వచ్చింది. రేడియో స్టేషన్లకి రికార్డుతో పాటు మామూలుగా వెళ్లే ఫొటో మాత్రం వెళ్లలేదు. లేబుల్ మీద ‘కంట్రీ చార్లీ ప్రైడ్’ అని వేశారు, పాడేది ఏ బాపతు పాటో ఎవరికీ అనుమానం రాకుండా.

అదే ఏడు డెట్రాయిట్‌లో పెద్ద స్టేడియంలో కచేరీ. పేరు పిలవగానే వేలమంది చప్పట్లు కొట్టారు. మనిషి వెలుగులోకి రాగానే ఆ చప్పట్లు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయాయి. అప్పుడాయన మైకు దగ్గరికొచ్చి, ఎండకి కమిలి ఇక వదలని ఈ రంగుతో నేను కంట్రీ షోకి రావడం మీకు వింతగానే ఉంటుందిలెండి అని తనమీద తనే జోకు వేసుకున్నాడు. జనం నవ్వారు. పాట ఎత్తుకున్నాడు. ఆ జోకు తర్వాత చాలా ఊళ్లలో చాలాసార్లు వాడాల్సి వచ్చింది.

మీ అబ్బాయి వెనక వరసలో విన్న నవ్వుకీ ఈ నవ్వుకీ మధ్య ఒక తేడా ఉంది. దాన్ని వాడే కనిపెట్టాలి, మనం చెప్తే రాదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ స్టేజీ ఎక్కేనాటికి చార్లీ ప్రైడ్‌కి ముప్ఫై రెండేళ్లు. పెళ్లయి పిల్లలున్న మనిషి. అప్పటికే ఎన్నో గుమ్మాల దగ్గర్నుంచి వెనక్కి తిరిగొచ్చినవాడు. ఆ గుమ్మాలేవీ మీ ఫ్రిజ్ మీద కాగితంలో ఉండవు.

1934 మార్చి 18న మిసిసిపీలో స్లెడ్జ్ అనే పల్లెలో పుట్టాడు. పదకొండు మంది సంతానంలో నాలుగోవాడు. నాన్న పాలుకి పొలం చేసే రైతు. పత్తి. మీది గుంటూరు జిల్లా అన్నారు కాబట్టి పత్తి ఏరితే వేళ్లు ఏమవుతాయో నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో ఫిల్కో రేడియో ఒకటి. శనివారం రాత్రి దాంట్లో నాష్‌విల్ నుంచి గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే కంట్రీ పాటల కచేరీ వచ్చేది. నాన్న ట్యూన్ చేసేవాడు, ఇంటిల్లిపాదీ వినేవాళ్లు. పద్నాలుగో ఏట పత్తి డబ్బుతో సియర్స్ నుంచి చవక గిటారు తెప్పించుకుని, రేడియోలో విన్నది విన్నట్టు పట్టుకున్నాడు. ఆ ఇంటికి వినబడిన పాట అది. అది ఎవరి సొత్తో రేడియో చెప్పలేదు. అయినా ‘వాళ్ల పాటలు నువ్వెందుకు పాడతావు’ అని ఇంట్లో వాళ్లే అడిగారు. పెద్దయ్యాక తెల్లవాళ్లూ అడిగారు, నల్లవాళ్లూ అడిగారు. మీ వెనక వరసా, మన పండగ నిర్వాహకులూ కలిసి అడిగినట్టే. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే: నేను అమెరికావాణ్ణి, ఇది అమెరికా పాట.

అసలు ఆయన కల పాట కాదు, బేస్‌బాల్. పత్తి చేలోంచి బయటపడటానికి కనిపించిన దారి అదే. 1952లో నల్లజాతి లీగ్‌లో మెంఫిస్ రెడ్ సాక్స్‌కి బంతి విసిరాడు. మరుసటి ఏడు న్యూయార్క్ యాంకీస్ వాళ్ల కింది స్థాయి జట్టులో చేరితే చెయ్యి దెబ్బతింది. మధ్యలో ఒక జట్టు ఆయన్నీ ఇంకో ఆటగాణ్ణీ బర్మింగ్‌హామ్ జట్టుకి ఇచ్చేసి బదులుగా ఒక పాత బస్సు తీసుకుంది. (ఈ ముక్క చదివిన రోజు నేను అన్నం తింటూ పొలమారాను. ఆయన దాన్ని జీవితాంతం నవ్వుతూ చెప్పుకున్నాడు.) తర్వాత రెండేళ్లు సైన్యం. 1956లో రోజీన్‌తో పెళ్లి. ఆవిడ ఆయన చివరి రోజుదాకా పక్కనే ఉంది.

1960లో మోంటానా. మీ ఆయనకి చదివి వినిపించాల్సింది ఈ భాగమే. ఈస్ట్ హెలెనాలో సీసం కరిగించే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. పగలు కొలిమి దగ్గర కార్మికుడు, ఫ్యాక్టరీ జట్టులో ఆటగాడు. ఈయన పాడతాడని తెలిసి మేనేజరు ఆట మొదలయ్యే ముందు ఓ పావుగంట పాడమన్నాడు. ఆడినందుకు పది డాలర్లు, పాడినందుకు ఇంకో పది. రాత్రిళ్లు ఊళ్లో బార్లలో పాట. కొలిమి పనిని పాట కోసం మానుకోలేదు, పాటని కొలిమి కోసం మానుకోలేదు. ఇలా ఏళ్ల తరబడి.

ఈలోగా పెద్ద లీగ్ జట్ల తలుపులూ కొట్టాడు. ఏంజెల్స్ జట్టువాళ్లు వద్దన్నారు. న్యూయార్క్ మెట్స్ శిక్షణ కోసం ఫ్లోరిడా వెళ్తే, అక్కడి మేనేజరు ఆట చూడటానిక్కూడా ఒప్పుకోలేదు. తిరుగు బస్సు నాష్‌విల్ మీదుగా పట్టాడు. అంతకుముందు రెడ్ ఫోలీ, రెడ్ సోవిన్ అనే గాయకులు మోంటానాలో ఈయన పాట విని, ఎప్పుడైనా నాష్‌విల్ వెళ్లి ప్రయత్నించు అని ఉన్నారు. దిగాడు, తర్వాత తన మేనేజరైన జాక్ జాన్సన్ కంటబడ్డాడు. అంతటితో దశ తిరిగిపోయిందనుకునేరు, మళ్లీ వెళ్లి కొలిమి దగ్గర నిలబడ్డాడు. రికార్డింగ్ స్టూడియోలో అడుగుపెట్టింది 1965 ఆగస్టులో. నిర్మాత జాక్ క్లెమెంట్ కొన్ని పాటలిచ్చి నేర్చుకురమ్మంటే, నేర్చుకొచ్చి పాడాడు.

ఇప్పుడు చిట్టాలో తారీఖులు మళ్లీ చూడండి. ఆప్రీ వేదిక మీద మొదటిసారి పాడింది 1967 జనవరి 7న. ఆ రాత్రి ఆయన్ని సభకి పరిచయం చేసింది ఎర్నెస్ట్ టబ్. చిన్నప్పుడు రేడియోలో విన్న గొంతుల్లో అదొకటి. కానీ ఆప్రీ సభ్యుడైంది 1993 మే 1న. మధ్యలో ఇరవై ఆరేళ్లు! దీన్ని చూపించి వివక్ష అనేస్తారు కొందరు. అంత సూటి లెక్క కాదు. 1968లోనే పిలిచారు, ఆయనే వద్దన్నాడు. సభ్యుడైతే ఏడాదిలో చాలా శనివారాలు నాష్‌విల్‌లో పాడాలి, బయటి కచేరీలకి డబ్బులొచ్చేదీ శనివారాలే. ఇల్లు గడిచే లెక్క చూసుకుని బిరుదు వాయిదా వేశాడు. పరువు కోసం శనివారాలు వదులుకోని ఆ లెక్క మీవాడికి తెలిస్తే మంచిది.

హాల్ ఆఫ్ ఫేమ్ గురించి ఒక ముచ్చట. 2000లో ప్రైడ్‌తో పాటు చేర్చింది ఫారన్ యంగ్‌ని. అప్పటికి యంగ్ పోయి నాలుగేళ్లు. నోటికి అడ్డూ ఆపూ లేని తెల్లాయన. మొదట్లో ప్రైడ్ రికార్డులు వెయ్యబోమన్న రేడియోవాళ్లతో, అయితే నావి కూడా వెయ్యకండి అన్నాడని చెబుతారు. ఎవరో ఒకరు ఆ మాట అనకుండా ఎంత గొంతున్నా సాగదు. చెట్ ఆట్కిన్స్ కూడా అలాంటివాడే. మీవాడికి అలాంటి పెద్దమనిషి దొరకడం అదృష్టం మీద ఉంటుంది, ప్రతిభ మీద కాదు.

అవార్డుల కాగితంలో లేని గౌరవం ఒకటుంది, నా లెక్కలో అదే పెద్దది. 1976లో ఉత్తర ఐర్లాండ్ బాంబులతో అట్టుడుకుతోంది. బయటి గాయకులు అక్కడి రాజధాని బెల్‌ఫాస్ట్ పేరెత్తితే భయపడేవాళ్లు. ఆ నవంబరులో ప్రైడ్ వెళ్లి అక్కడి రిట్జ్ సినిమా హాల్లో పాడాడు. ఒకే వీధిలో పక్క పక్కన కూర్చోని ప్రొటెస్టెంట్లూ కాథలిక్కులూ ఒకే హాల్లో కూర్చుని విన్నారు. ఆయన పాడిన ‘క్రిస్టల్ షాండిలియర్స్’ అమెరికాలో సింగిల్‌గా కూడా రాలేదు. ఐర్లాండ్‌లో మాత్రం పెళ్లిళ్లలో, పబ్బుల్లో ఇప్పటికీ గొంతు కలిపి పాడతారు. ఏ కమిటీ కూర్చుని ఇచ్చిందమ్మా అది?

ఇక మీ ఆయన మాట. అది తెల్లవాళ్ల సొత్తు అన్నది సగం తప్పు. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చిన వాయిద్యం. ప్రైడ్ ఎవరి పాటలైతే నేర్చుకున్నాడో ఆ హ్యాంక్ విలియమ్స్‌కి చిన్నప్పుడు గిటారు నేర్పింది రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడు. ఆప్రీ తొలినాళ్ల తారల్లో ఒకడు డెఫోర్డ్ బెయిలీ, హార్మోనికా వాయించే నల్లాయన. 1941లో తీసేశారు. 1982లో పోయాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరెక్కింది 2005లో.

రానివ్వరు అన్న మాటని మాత్రం నేను కొట్టిపారెయ్యను. ప్రైడ్ చివరి నంబర్ వన్ 1983లో. మళ్లీ ఒక నల్లజాతి గాయకుడు జంట లేకుండా ఒంటరిగా పాడిన పాట ఆ పట్టికలో మొదటి స్థానానికి వచ్చింది 2008లో, డేరియస్ రకర్‌ది. పాతికేళ్లు. అంటే ప్రైడ్ తెరిచిన తలుపు ఆయన వెనకే మూసుకుంది. ఈమధ్యే, 2025లో, బియాన్సే కంట్రీ ఆల్బమ్‌కి గ్రామీ వస్తే దేశమంతా అది కంట్రీయేనా అని కొట్టుకున్నారు. రంగు ఎవరూ చూడరు నాన్నా అని పిల్లాడికి చెప్పకండి. వాడు ఆ సంతలో చూశాడుగా. అమ్మ అబద్ధమాడుతోందనుకుంటాడు, అంతే.

పేరు మార్పు గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. ప్రైడ్ పేరే గుమాస్తా పొరపాటు. నాన్న పెట్టిన పేరు ‘చార్ల్’, పుట్టిన సర్టిఫికెట్‌లో ‘చార్లీ’ అని పడింది. టెక్సస్‌లోనే రెండు దారులూ ఉన్నాయి. బాల్దెమార్ వెర్తా అనే మెక్సికన్ మూలాల కుర్రాడు గిటారు కంపెనీ పేరు తగిలించుకుని ఫ్రెడ్డీ ఫెండర్ అయ్యాడు, 1975లో కంట్రీలో నంబర్ వన్ కొట్టాడు. అంతకు రెండేళ్ల ముందే జానీ రోడ్రిగెజ్ ఇంటిపేరు అలాగే ఉంచుకుని నంబర్ వన్ కొట్టాడు. తమాషా ఏంటంటే, పేరు మార్చుకున్న ఫెండర్ ఆ పాటలో ఒక చరణం స్పానిష్‌లో పాడాడు. పేరు ఏదైనా పెట్టుకోనివ్వండి. దాక్కోవడానికి అయితే మాత్రం దండగ. ఆర్‌సీఏ అంత కంపెనీ ఫొటో దాస్తే, మొదటి కచేరీ దాకానే దాగింది.

ఆపమంటారా అన్నారు. ఆపకండి. అలాగని ఆ చిట్టా చూసి వదిలెయ్యకండి. చదువు సాగాల్సిందే, దాంట్లో బేరం లేదు. ప్రైడ్‌కి సీసం కొలిమి ఎలాగో మీవాడికి బడి అలాగ. శని ఆదివారాలు పాడనివ్వండి. పోటీలకి పంపడం తగ్గించి, ఎవరైనా వచ్చి పాడుకోగల ఓపెన్ మైక్ రాత్రులుంటాయి, వాటికి మీ ఆయన్నే దింపి రమ్మనండి. బయట కార్లో కూర్చోకుండా లోపల కూర్చోవాలి. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎవరైనా పది డాలర్లు చేతిలో పెట్టి, వచ్చే వారం కూడా రా అన్నారా లేదా అన్నది చూసుకోండి. రెండేళ్లలో ఒక్కరూ అనకపోతే వాడికే తెలిసిపోతుంది, మీరు చెప్పక్కర్లేదు. అంటే, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

ఒక జాగ్రత్త కూడా. ఈ వృత్తి మనిషిని లోపల్నుంచి కోస్తుంది. ప్రైడ్ 1994లో వచ్చిన ఆత్మకథలో తన బైపోలార్ జబ్బు గురించి, మందుల గురించి దాచుకోకుండా చెప్పాడు. మీవాడు స్టేజీ దిగాక గదిలో తలుపేసుకుని ఎంతసేపు ఉంటున్నాడో గమనిస్తూ ఉండండి.

చిట్టాలో చివరి పద్దు 2020 నవంబరు 11. సీఎంఏ వాళ్లు విల్లీ నెల్సన్ పేరిట ఇచ్చే జీవన సాఫల్య అవార్డు. ఎనభై ఆరేళ్ల మనిషి నాష్‌విల్ వేదిక మీద నిలబడి, యాభై ఏళ్లనాటి తన పాట ‘కిస్ ఏన్ ఏంజెల్ గుడ్ మార్నింగ్’ జిమ్మీ అలెన్ అనే నల్లజాతి కుర్ర గాయకుడితో కలిసి పాడాడు. నెల తిరిగేసరికి, డిసెంబరు 12న, మీ డాలస్‌లోనే కొవిడ్‌తో పోయాడు. ఆయన వాటాదారుగా ఉన్న టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు అరిజోనాలో తాము సాధన చేసే ఒక మైదానానికి ఆయన పేరు పెట్టుకుంది. ఆటగాడిగా ఏ పెద్ద జట్టూ తీసుకోని మనిషి పేరు. అది కూడా మీవాణ్ణి ఆ కాగితం అడుగున రాసుకోమనండి.

అన్నట్టు, ఇంత పొడుగు ఉత్తరంలో వెనక వరసవాళ్లు ఏమన్నారో రాశారు, నిర్వాహకుడు ఏమన్నాడో రాశారు, మీ ఆయన ఏమన్నారో రాశారు. ఆ సంతలో అబ్బాయి ఏ పాట పాడాడో, ఎలా పాడాడో రాయలేదు. ఈసారి అది రాయండి.